సుత్తి పెట్టాల్సిన చోట

పళ్ళ డాక్టరుగారి కారుకు పళ్ళు లేవు.

ఈ మాట మొదట అన్నది గువ్వ వాళ్ళ మావయ్య. ఆ తర్వాత ఆ వీధిలో దాన్ని పళ్ళు లేని కారు అని తప్ప మరో పేరుతో పిలిచినవాళ్ళు లేరు. డాక్టరుగారికి వాళ్ళ మామగారి నుంచి వచ్చిన పాతకాలపు కారు అది. గుండ్రటి దీపాలు, ఉబ్బిన బుగ్గలు, వాటి మధ్య మెరిసే జాలీ, అన్నీ చెక్కుచెదరకుండా ఉన్నాయి. ముందు బంపరు ఒక్కటే తుప్పు తినేసి, ఒకనాడు నడిరోడ్డు మీద ఊడి పడిపోయింది. ఎంత దర్జాగా వచ్చి నిలబడినా ఆ బోసి మూతి చూస్తే నవ్వు ఆగదు.

అలాంటి బంపరు కోసం డాక్టరుగారు గాలించని పాత సామాను కొట్టు లేదు. ఆ కార్లు చేసిన ఫ్యాక్టరీ గువ్వ పుట్టకముందే మూతపడింది. తిరిగి తిరిగి చెప్పులరిగాక ఎవరో రేకుల మేస్త్రి పేరు చెప్పారు. ఆ మేస్త్రే గువ్వ నాన్న.

గువ్వ అసలు పేరు బడి రికార్డుల్లో ఉండిపోయింది. చిన్నప్పటి నుంచి గొంతు పెగలని పిల్ల కావడంతో ఇంట్లో గువ్వ అన్నారు, అదే నిలిచిపోయింది. బడి చదువు ముగించి నాన్న దగ్గరే పని నేర్చుకుంటోంది. కొత్తవాళ్ళు వస్తే ఏదో ఒక కారు తలుపు చాటుకు పోతుంది. పళ్ళ డాక్టరుగారంటే మరీ బెరుకు. ఆయన మనిషితో మాట్లాడుతున్నంతసేపూ కళ్ళలోకి చూడరు, నోట్లోకి చూస్తారు. ఆయన ఎదుట గువ్వ మాట్లాడాల్సి వస్తే పెదాలు కదపకుండా మాట్లాడేది.

నాన్న ఆ కారు చుట్టూ ఒకసారి తిరిగి వచ్చి, లేనిదాన్ని వెతకడం మానేసి ఉన్నదాన్ని మలుచుకుందాం అన్నాడు. పాత ఇనుము దిబ్బలో తిరిగి, అదే కాలానికి చెందిన వేరే పెద్ద కారు బంపరు తెచ్చాడు. అది మూరెడు పొడుగెక్కువ, చివర్ల వంపు తక్కువ. పాత పూత కడిగించాడు. నడిమికి కోసి, ఎక్కువైన ముక్క తీసేసి, రెండు సగాలనూ అతికాడు. ఆ తర్వాత చివర్లను చెక్క దిమ్మ మీద ఆనించి, కొట్టి కొట్టి లోపలికి వంచడం మొదలుపెట్టాడు. పొడుగువాడి చొక్కాను పొట్టివాడికి కుట్టినట్టు. చొక్కాకైతే కుట్లు కనబడినా ఫరవాలేదు. బంపరుకు కనబడకూడదు.

ఈ పనిలో కంటికి పెద్ద పీట లేదు. పచ్చి ఇనుము మీద మిట్టా పల్లమూ కంటికి ఆనవు. మెరుపు పూత పడ్డాకే అవి బయటపడతాయి. ఎదురుగా ఉన్న ట్యూబులైటు గీత ఆ మెరుపులో తిన్నగా పోకుండా పాములా మెలికలు తిరుగుతుంది. అప్పుడిక చేసేదేమీ ఉండదు, పూతంతా ఊడ్చి మళ్ళీ మొదలుపెట్టాలి. అందుకని నాన్న సుత్తి దించగానే రేకు మీద పలచటి నూలుగుడ్డ పరిచి, కళ్ళు మూసుకుని, అరచేతిని ఈ చివరి నుంచి ఆ చివరికి జరుపుతాడు. మధ్యలో చెయ్యి ఆగుతుంది. “ఇదిగో దొంగ” అని సుద్దముక్కతో అక్కడ సున్నా చుడతాడు. గోధుమగింజలో సగమంత మిట్టైనా ఆ చేతికి దొరికిపోయేది.

దొరికిపోయేది అనే చెప్పాలి. కిందటి వానల్లో ఒక పాత వ్యాను తలుపు మీద నాన్న చెయ్యి జరుపుతూ మిట్ట మీదుగా ఆగకుండా వెళ్ళిపోయింది. నున్నగా ఉంది, పంపెయ్యమన్నాడు. నూనె తుడుస్తున్న గువ్వ వేళ్ళకు ఆ మిట్ట తగిలింది. ఎంత గొప్ప చెయ్యైనా ఒకసారి తప్పుతుందిలే అనుకుంది. తర్వాతి పనిలోనూ అంతే. ఆ తర్వాత ఒకరోజు అమ్మ కొంగుతో పట్టుకుని తెచ్చిన టీ గ్లాసును నాన్న అరచేతి నిండా పట్టుకుని, ఎవరితోనో కబుర్లు చెబుతూ తాపీగా తాగాడు. సాయంత్రానికి వేళ్ళు పొక్కాయి. ఆ పొక్కులవంక ఆయన, ఇవెవరివి అన్నట్టు చూశాడు.

నాన్నకు చక్కెర జబ్బు ఉందని ఇంటిల్లిపాదికీ తెలుసు. అది చేతిలోకి వచ్చిందని గువ్వకు ఆరోజు తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి అమ్మకు చెప్పింది. అమ్మ పొయ్యి దగ్గర్నుంచి తిరగకుండానే అంది:

“నువ్వు చూశావు, నేనూ చూశాను. ఇంకో మనిషికి తెలియక్కర్లేదు.”

“నాన్నకి?”

“ముందు ఆయనకే తెలియకూడదు.”

ఎందుకో అమ్మ విడమరచి చెప్పింది. జబ్బు ఉందని మొదటిసారి తెలిసినప్పుడే ఆయన గోడవైపు తిరిగి పడుకుని లేవలేదట. మంచం ఎక్కిన మనిషిని మళ్ళీ సుత్తి పట్టించేసరికి తనకు తలప్రాణం తోకకొచ్చిందట. ఇప్పుడు చెయ్యి పోయిందని వింటే ఆ మంచం ఇక దిగడట. జరిగినన్నాళ్ళు జరగనీ అంది అమ్మ.

అలా మొదలైంది. మధ్యాహ్నం భోజనం చేసి నాన్న కునుకు తీసేటప్పుడు గువ్వ షెడ్డులోకి వచ్చి, ఆయన వదిలేసిన మిట్టలు వెతికి సరిచేసేది. నిజానికి మిట్టను సుత్తితోనే దించాలి. కానీ సుత్తి చప్పుడు దేంట్లోనూ కలవదు. నాన్న నిద్రలో కూడా ఎవరు ఎక్కడ ఎంత బలంగా కొట్టారో చెప్పగల మనిషి. ఆకురాయికీ చప్పుడుంది. అయితే అది తడిక అవతల మావయ్య తిప్పే సాన చక్రం రొదలో కలిసిపోతుంది. అందుకని గువ్వ ఆకురాయి పట్టింది. మిట్టను లోపలికి దించకుండా పైపైన అరగదీసేది. అప్పటి పనుల్లో రేకు మందం కాబట్టి ఆ అరుగుదలను తట్టుకుంది. ఎవరికీ అనుమానం రాలేదు.

మావయ్య అమ్మకు తమ్ముడు. నాన్న మలిచిన ప్రతి ముక్కా ఆయన చక్రం కింద నునుపు తేలాకే పూతకు వెళుతుంది. మనిషి వెన్న, నోరు మాత్రం జల్లెడ. ఆయన నోట్లో నువ్వుగింజ నానదు. ఆయనకు చెప్పడమంటే వీధికి చెప్పడమే కాబట్టి, ఆయనకూ చెప్పలేదు. ఆయనేమో వచ్చిన ప్రతి ముక్కనూ తడిమి చూసి, “బావా, నీ చేతికి మళ్ళీ వయసొచ్చింది” అనేవాడు. నాన్న ముఖం విచ్చుకునేది. ఈ మధ్య మనిషే మారాడు. కూనిరాగాలు తీస్తున్నాడు. ఒకప్పుడైతే మనవల్ల కాదని పంపేసే పనులు కూడా ఒప్పుకుంటున్నాడు. ఆ ఉత్సాహంలోనే డాక్టరుగారి బంపరు ఒప్పుకున్నాడు. పాత కార్ల ప్రదర్శనకు అందిస్తానని మాట కూడా ఇచ్చాడు.

బంపరు పని మొదలైన రోజునే ఆయన దాన్ని వెల్లకిలా తిప్పి గువ్వకు చూపించాడు. లోపలివైపంతా స్ఫోటకం మచ్చల్లా గుంటలు.

“ఇది ముసలి ఇనుము. పైనుంచి చూస్తే గట్టిగానే ఉంటుంది, లోపల తుప్పు తినేసింది. దీనికి సుత్తే మందు. ఆకురాయి పెట్టావో, చిరుగుతుంది.”

గువ్వ తలూపింది.

ఎడమ చివర వంపు తిరిగే చోట మిట్ట మిగిలిపోయింది. నాన్న చెయ్యి గుడ్డ మీద అటు వెళ్ళి ఇటు వచ్చింది. మళ్ళీ వెళ్ళింది. ఈసారి ఆగుతుందేమోనని గువ్వ చూసింది. ఆగలేదు. అయిపోయిందన్నాడు, చేతులు కడుక్కోవడానికి వెళ్ళాడు.

మధ్యాహ్నం గువ్వ సుత్తి తీసుకుంది. కింద దిమ్మ ఆనించింది. సుత్తి ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండిపోయింది. సాన చక్రం రొదను దాటి గోడ అవతల నుంచి నాన్న దగ్గు వినబడింది. మెలకువగానే ఉన్నాడు. ఒక్క దెబ్బ వేస్తే చాలు, లేచి వచ్చి గుమ్మంలో నిలబడి ఎందుకు కొడుతున్నావని అడుగుతాడు. చెప్పడానికి నిజం తప్ప మరో మాట ఉండదు. నాన్న అన్న మాట గువ్వ చెవుల్లో ఉంది. అమ్మ అన్న మాటా ఉంది. రెండింటి మధ్య కాసేపు నిలబడి, కొంచెమే కదా అనుకుని ఆకురాయి అందుకుంది. ముసలి ఇనుము ఆమె చేతుల్లోంచి సన్నటి పొడిగా రాలింది. మిట్ట పోయింది. తడిమితే పట్టులా జారింది.

మర్నాడు ఉదయం డాక్టరుగారు ఆగలేక కారేసుకుని వచ్చేశారు. నాన్న ఆయన్ను కుర్చీలో కూర్చోబెట్టి, కళ్ళెదుటే సాన పట్టిస్తానన్నాడు. మావయ్య బంపరును చక్రానికి ఆనించాడు. నల్లటి ఇనుములోంచి తెల్లటి మెరుపు ఒక పట్టీలా పుట్టి పాకుతోంది. పేషెంటు నోరు కడిగి చూపించినంత సంబరంగా డాక్టరుగారు ముందుకు వంగారు. ఎడమ చివర వంపు దగ్గరికి వచ్చేసరికి చక్రం కూత మారింది. మావయ్య చటుక్కున వెనక్కి లాగాడు. అప్పటికే ఆలస్యమైపోయింది. వంపు మీద వేలు దూరేంత చిల్లు. దాని అంచులు కాగితంలా ముడుచుకుపోయి ఉన్నాయి.

చక్రం ఆగింది. కబుర్లలో పడితే చెయ్యి ఎంత నొక్కుతోందో తెలియదని నాన్న మావయ్యను అన్నాడు. తాను నొక్కలేదని, అక్కడ రేకు ముందే పలచబడి ఉందని మావయ్య చెప్పాడు. నాన్న నవ్వాడు. అది మంచి నవ్వు కాదు. ఆ రేకును తన అరచేత్తో చూశానని, ఇంకొకరు చెప్పక్కర్లేదని అన్నాడు. మాటకు మాట పెరిగింది. డాక్టరుగారు లేచి, ఫరవాలేదు, ప్రదర్శన ఈ ఏడాది కాకపోతే వచ్చే ఏడాది అని నసుగుతున్నారు. ఆయన మాట ఎవరూ వినలేదు.

“మీ అక్క ముఖం చూసి ఇన్నాళ్ళూ నిన్ను ఈ షెడ్డులో ఉండనిచ్చాను” అన్నాడు నాన్న.

ఎప్పుడూ నోరు మూతపడని మావయ్య ఆ మాటకు నోరు మూసుకున్నాడు. ముక్కుకు కట్టుకున్న గుడ్డ విప్పి మడతపెట్టి, బల్ల మీద పెట్టాడు. వంగి, సాన చక్రం తీగ ప్లగ్గు లోంచి పీకి చేతికి చుట్టుకోసాగాడు. చక్రం ఆయనది. తీసుకుపోతే మళ్ళీ రాడు.

అమ్మ ఇంటి గుమ్మంలో ఉంది. ఆమె తమ్ముడి వంక చూడలేదు, గువ్వ వంక చూసింది. చెప్పకు అన్నట్టు తల అడ్డంగా, కదిలీ కదలనట్టు కదిపింది.

గువ్వ కారు చాటునుంచి బయటికి వచ్చింది. మాట్లాడకపోతే మావయ్య వెళ్ళిపోతాడు, చెయ్యని తప్పును వీధంతా ఆయన నెత్తిన రుద్దుతుంది. మాట్లాడితే నాన్న.

“మావయ్య తప్పు కాదు నాన్నా. నేను ఆకురాయి పెట్టాను.”

నాన్నకు మొదట అర్థం కాలేదు. పెట్టొద్దని చెప్పాను కదా అన్నాడు. అవును, చెప్పావంది. మరి ఎందుకు పెట్టావన్నాడు.

“అక్కడ మిట్ట ఉండిపోయింది. సుత్తితో కొడితే నీకు వినిపిస్తుందని.”

నాన్న కూతుర్ని కాసేపు చూశాడు. తర్వాత గుడ్డ తీసి బంపరు మీద కుడివైపు చివర పరిచాడు. చెయ్యి పెట్టి, కళ్ళు మూసుకోకుండా, ఇక్కడేమైనా ఉందా అని అడిగాడు. ఇక్కడ లేదు, ఇంకొంచెం అటు, అంది గువ్వ. ఇక్కడా? ఇంకా అటు. ఇక్కడ? గువ్వ మాట్లాడలేదు. చెయ్యి మిట్ట మీదే ఉంది. అది కూడా ఆమె ఈ మధ్యాహ్నం సరిచేద్దామనుకున్నదే. నాన్న వేళ్ళు దాని మీద అటూ ఇటూ కదిలాయి, చీకట్లో అగ్గిపెట్టె తడిమినట్టు.

“వేళ్ళు మొద్దుబారాయని నాకు తెలియదనుకున్నారా తల్లీకూతుళ్ళు?” అన్నాడు. గొంతులో కోపం లేదు, అందుకే గువ్వకు ఎక్కువ భయం వేసింది. “తెలుసు. కానీ రేకు నున్నగానే వస్తోంది కదా అనుకున్నా. వీడేమో చేతికి వయసొచ్చిందన్నాడు. పనే నాకు పరీక్ష. పాసవుతున్నాను కాబట్టి చెయ్యి తిరిగొచ్చిందనుకున్నా. మాత్రలు మానేసి చాలా కాలమైంది.”

గుమ్మంలో అమ్మ చటుక్కున కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

“ఆ పరీక్ష నువ్వు రాశావన్నమాట” అన్నాడు నాన్న.

ఏడిస్తే ఆ ఏడుపు తనకోసమవుతుందని గువ్వ ఆపుకుంది. తీగ చుట్టుకున్న చేత్తో మావయ్య అలాగే నిలబడ్డాడు. తన పొగడ్త ఎక్కడికి పోయి ఎవరికి తగిలిందో ఆయనకు అప్పుడప్పుడే అర్థమవుతున్నట్టుంది.

నాన్న కుర్చీలో కూలబడ్డాడు. కొంచెం ఆగి, కుడికాలు చాపి, ఇది కూడా చూడమన్నాడు. ఈ మధ్య చెప్పు తడితడిగా ఉంటోందట. నేల కడిగిన నీళ్ళనుకున్నాడట. గువ్వ కింద కూర్చుని చెప్పు తీసింది. అది నీళ్ళు కాదు. చెప్పు అడుగును చీల్చుకుని ఇనుప ముక్క ఒకటి పైకి పొడుచుకొచ్చింది. కాలి మడమ దగ్గర గాయం నల్లబడి, చుట్టూ వాచి ఉంది. దాని మీదే ఈయన రోజూ నిలబడి సుత్తి వేశాడు. ఆయన ముఖంలో మాత్రం నొప్పి జాడే లేదు.

ఈసారి నోటివైపు కాక కాలివైపు చూసిన డాక్టరుగారి ముఖం రంగు మారిపోయింది. ఒక్క క్షణం కూడా ఆగకూడదు, కారెక్కండి అన్నారు. బంపరు సంగతి అమ్మ ఏదో అనబోతే, “పళ్ళు లేకపోయినా నడుస్తుందమ్మా” అన్నారు. మావయ్య నాన్న చంక కింద చెయ్యేసి లేపి కారు దాకా నడిపించాడు. నాన్న ఆయన వంక చూడలేకపోయాడు. మావయ్య కారు తలుపు వేస్తూ, చక్రం ఎక్కడికీ పోదు, ముందు వెళ్ళిరా బావా అన్నాడు.

ఆసుపత్రిలో గాయం కడిగి కట్టు కట్టారు. ఎముక దాకా పోయిందో లేదో ఫోటో తీశాక గాని చెప్పలేమన్నారు. కాలు ఉంటుందా అని అమ్మ అడగలేదు. అడగకపోయినా ఆ ప్రశ్న బల్ల మీద ఎవరో మరిచిపోయిన వస్తువులా అక్కడే ఉంది. తర్వాత ఒక నర్సు వచ్చి, స్పర్శ ఎంతవరకు మిగిలిందో చూడాలంది. ఆమె చేతిలో కుంచె వెంట్రుక లాంటి సన్నటి తీగ ఉంది. నాన్న అరచేతులు పైకి పెట్టించింది. కళ్ళు మూసుకోమని, తీగ తగిలినప్పుడల్లా చెప్పమంది.

నాన్న కళ్ళు మూసుకున్నాడు. గుడ్డ మీద చెయ్యి జరిపేటప్పుడు మూసుకున్నట్టే, తల కొంచెం పక్కకు వంచి. నర్సు కాగితం సర్దుకుంటోంది.

“తెలుస్తోంది” అన్నాడు నాన్న.

నర్సు తలెత్తింది. అమ్మ గువ్వ మోచెయ్యి పట్టుకుంది. ఆ పట్టు ఏం చెబుతోందో గువ్వకు తెలుసు. ఎదురుగా నాన్న ముఖంలో, జవాబు సరిపోయిందా లేదా అని ఎదురుచూసే పిల్లాడి బెంగ ఉంది. మాట పెగలడం షెడ్డులోకన్నా ఇక్కడే ఎక్కువ కష్టమైంది.

“ఇంకా ముట్టుకోలేదు నాన్నా.”

ఆయన కళ్ళు తెరవలేదు. రెప్పల కింద కనుపాపలు మాత్రం కదిలాయి. మళ్ళీ మొదట్నుంచి చూడమ్మా అన్నాడు నర్సుతో. నర్సు బొటనవేలి నుంచి మొదలుపెట్టింది.

“తెలియట్లేదు” అన్నాడు. ఆమె ఇంకొంచెం లావు తీగ తీసుకుంది. “తెలియట్లేదు” అన్నాడు మళ్ళీ.

అమ్మ ముఖం తిప్పుకుంది. గువ్వ తిప్పుకోలేదు. తీగ ఎక్కడెక్కడ ఆగుతోందో ఒక్కో చోటూ చూస్తూ, ఆయన అడిగితే చెప్పడానికి పక్కనే నిలబడింది.